అన్న వేసుకెళ్ళిన సంచి

సంచుల షెడ్డు, మూడో మిషన్
జూన్ 9

మా అన్నని ఏటి ఒడ్డున పూడ్చిపెట్టి నువ్వు ముందుకి నడిచి వెళ్ళిపోయావు.

వెనక్కి కాదు, ముందుకి. పక్క ఊరికి, దాని పక్క ఊరికి. నీ ఉత్తరం మీద ముద్ర చూశాను. అన్న పోయిన ఊరు ఒకటి, నువ్వు ఉత్తరం వేసిన ఊరు ఇంకొకటి. మనిషి పోయిన పద్దెనిమిది రోజులకి నాలుగు ముక్కలు రాశావు. "మనవాడు ఇక లేడు. మే పన్నెండున, నాలుగో ఊరి దగ్గర ఏరు దాటుతుంటే జరిగింది. అక్కడే మట్టి చేశాం. నన్ను క్షమించు." అంతే. కరెంటు బిల్లు మీద కూడా ఇంతకన్నా ఎక్కువ అక్షరాలుంటాయి.

ఎవరో తెలియనివాళ్ళకి రాసినట్టు రాశావు కాబట్టి నేనూ తెలియనట్టే రాస్తాను. నువ్వు మా షెడ్డులో కుట్టు మిషన్లు బాగుచేసే మెకానిక్కువి. మా అన్న ప్యాకింగ్‌లో పనిచేసేవాడు. నేను మూడో మిషన్ మీద సంచులకి పట్టీలు కుడతాను. వాడు నిన్ను కళ్ళజోడూ అనేవాడు, నేను కళ్ళజోడన్నా అనేదాన్ని. ఇకమీదట అనను. అన్న అనే మాట ఒక్కరికే సరిపోయింది, అయిపోయింది.

వీపుకి తగిలించుకుని దేశాలు తిరిగేవాళ్ళ సంచుల కడుపులో మావాడు పదకొండేళ్ళు పాత పేపర్లు ఉండలు చుట్టి కుక్కాడు, కొట్లో వేలాడదీస్తే నిండుగా కనపడాలని. ఆ పేపర్లు కుక్కేముందు ఇంటికి తెచ్చి నాచేత చదివించేవాడు. ఐదో తరగతిలో బడి మానేసినదాన్ని, నా చదువంతా ఆ నలిగిన కాగితాల్లోదే. "మన సంచులు లోకమంతా తిరుగుతున్నాయే, మనమే బస్టాండు దాటలేదు" అనేవాడు. ట్యాగు మీద దీవి బొమ్మ చూపించి వాణ్ణి ఊరించింది నువ్వు. చవగ్గా తిరగొచ్చు, ఊరూరూ నడుద్దాం, బడి వరండాల్లో పడుకుందాం, దొరికింది తిందాం, మూడు నెలల్లో వచ్చేద్దాం అన్నది నువ్వు. సెలవు చీటీ కూడా నువ్వే రాసిచ్చావు. ఇద్దరు వెళ్ళారు. ఒకడు మిగిలాడు. ఆ మిగిలినవాడు ఇంకా తిరుగుతూనే ఉన్నాడు!

అమ్మా నాన్నా పోయినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు, అన్నకి పదిహేను. నాకు జడ వేయడం నేర్చుకున్నాడు. ఒక్కరోజు కూడా తిన్నగా వేయలేదు. ఇప్పుడు గదిలో రెండు చాపలున్నాయి. రెండోది చుట్టినది చుట్టినట్టే గోడకి ఆనించి ఉంది. దాన్ని ఏం చేయాలో నువ్వే చెప్పు.

ఏరు ఎంత లోతు? అక్కడ ఎవరున్నారు? వాడికి ఈత వచ్చు, చిన్నప్పుడు కాలవలో నన్ను వీపు మీద వేసుకుని ఈదినవాడు, మరి ఎలా మునిగాడు? ఆ వేళకి నువ్వెక్కడున్నావు, ఏం చేస్తున్నావు? నేను కుట్టిన సంచి ఏది?

యజమాని గదిలో ఫోన్ ఉంది కదా అని ఫోన్ చేయకు. ఆయన ముందు నిలబడి నేను ఏడవను. పైగా ఫోన్లో నువ్వు మాట మారుస్తావు, కాగితం మీద మార్చలేవు. ఈ నెలాఖరులోగా జవాబు పోస్టులో వెయ్యి.


దీవి, ఐదో ఊరు, బడి వరండా
జూన్ 24

చెల్లెమ్మా,

నువ్వు అన్నా అని పిలవకపోయినా నాకు వేరే రాయడం రాదు. సర్దుకుపో.

ఈ దీవిలో పెద్ద రోడ్డు వరకే బస్సు. ఆ తర్వాత ఊళ్ళన్నీ ఏటికి ఒకటి, కొబ్బరితోటకి ఒకటి. కాలిబాట మీద పొద్దున బయల్దేరితే ఎండ ముదిరేలోపు ఒక ఊరు వస్తుంది. అడిగితే బడి వరండా ఇస్తారు, లేకపోతే పడవ బోర్లించి ఉంటుంది, దాని కింద దూరడమే. మీ అన్న ప్రతి ఊళ్ళోనూ మొదట చూసేది సముద్రాన్ని కాదు, ఎవరు ఏ సామాను ఎలా కట్టారా అని. మూడో ఊళ్ళో కొట్టావిడ ఉల్లిపాయలు పడవకెక్కిస్తుంటే బుట్టలు ఒరిగిపోతున్నాయి. వీడు అడగకుండానే వెళ్ళి అన్నీ దింపి మళ్ళీ సర్దాడు. ఒక బుట్ట ఖాళీగా మిగిలింది. ఆవిడ నోరు తెరిచి, "ఏం చదివావు నాయనా?" అంది. "ప్యాకింగ్ అమ్మా, పదకొండేళ్ళ కోర్సు" అన్నాడు. రెండు రోజులు మాకు అక్కడే భోజనం. వెళ్ళేటప్పుడు ఆవిడ వాణ్ణి ఉండిపొమ్మంది. నన్ను మాత్రం ఉండమనలేదు.

నువ్వు అడిగినవి రాస్తాను. నాలుగో ఊరికీ ఐదో ఊరికీ మధ్య ఏరు సముద్రంలో కలుస్తుంది. దాటించడానికి పడవ ఉంది, నడిపేది ఒకావిడ. సముద్రం వెనక్కి తగ్గి నీళ్ళు తక్కువైనప్పుడు నడిచి కూడా దాటుతారు. "పడవకి డబ్బులెందుకు పోయడం, నడుద్దాం" అన్నది నేను. ఇది గుర్తుపెట్టుకో, ఆ మాట నాది. నడిమిట్లో ఇసక జారింది. ఇద్దరం పడ్డాం. నా కళ్ళజోడు పోయింది. జోడు లేకపోతే నాకు బారెడు దూరం కూడా మసకే, నీకు తెలుసు. పడవావిడ తెడ్డు వేసుకుని వచ్చేసరికి ఆలస్యమైంది. ఈత వచ్చిన వాడే. ఆ నీళ్ళకి ఈత చాలలేదు.

సంచి సముద్రం తీసుకుపోయింది.

ఎందుకు వెనక్కి రాలేదంటే చెప్పలేను. కాళ్ళు ఇటు తిరగలేదు. ఈ ఊళ్ళో పంపులు, సైకిళ్ళు బాగుచేస్తున్నాను, అన్నం పెడుతున్నారు. కొత్త జోడు వచ్చేదాకా ఎదురుగా వచ్చేది ఎవరో కూడా పక్కవాళ్ళే చెప్పాలి.

వాడు దారిలో రాసుకున్న పుస్తకం పంపుతున్నాను. అది నీదే. ఆ చాప సంగతి... అలాగే ఉంచు.


సంచుల షెడ్డు, పట్టీల లైను
జూలై 12

నువ్వు అబద్ధాలకోరువి. అది కూడా సరిగ్గా ఆడలేని అబద్ధాలకోరువి.

సంచిని సముద్రం తీసుకుపోతే పుస్తకం నీ చేతికి ఎలా వచ్చింది? ఎగిరి వచ్చిందా? ఆ సంచి కుట్టింది నేను. వీపుకి ఆనే వైపు, లోపలి గుడ్డ వెనకాల, ఒక దొంగ అర పెట్టాను. అది తెరవాలంటే సంచి భుజం మీంచి దించాలి, పైమూత తీయాలి, సామానంతా బయటపడేసి చెయ్యి మోచేతి దాకా పెట్టాలి. నడుస్తూ తీసే అర కాదు. పుస్తకం మొదటి పేజీలోనే వాడు రాసుకున్నాడు, "ఇది సూది కుట్టిన దొంగ అరలో ఉంటుంది, దొంగకి కూడా దొరకదు" అని. (నన్ను సూదీ అంటాడని నీకు చెప్పక్కర్లేదు.) అట్ట ఉబ్బింది. అంచులు అలలు తిరిగాయి. నీళ్ళలో మునిగి, తర్వాత ఎండలో ఆరిన కాగితం అది. అంటే సంచి దొరికింది. విప్పావు. పుస్తకం తీశావు. నాకు మాత్రం సముద్రం కథ చెప్పావు.

పుస్తకం రోజుకి ఒక ఊరు చొప్పున చదువుతున్నాను. ఎక్కువ చదివితే అయిపోతుంది. "రెండో ఊరు. ఇళ్ళన్నీ గుంజల మీద నిలబడ్డాయి. కింద కోళ్ళు, పైన మనుషులు. కళ్ళజోడు నిచ్చెన దిగుతూ కోడిని తొక్కాడు. కోడి బాగానే ఉంది, వీడే కుంటుతున్నాడు." ఇది చదివి మిషన్ ముందు కూర్చుని పకపకా నవ్వాను. పక్క మిషన్ అక్క నాకు మతి పోయిందనుకుని నీళ్ళు తెచ్చింది. ఇంకోటి విను, నువ్వు చూసే ఉంటావు, అయినా విను. "మూడో ఊరు. రేవులో ఒక పరదేశి వీపు మీద మన సంచి! ఎర్రది. పక్క జేబు కుట్టు చూడగానే పోల్చాను. అడుగున ఏదో గట్టిగా తగులుతోంది, ఏమిటో తెలీదు అన్నాడు. చెయ్యి పెట్టి తీశాను. నా పేపరు ఉండ. నేను కుక్కిందే. విప్పి చదివాను, సూదిచేత చదివించిన పేపరే అయ్యుంటుంది. దానికన్నా ముందు ఇది దీవి చూసేసింది." ఇలాంటి మనిషిని తీసుకెళ్ళి నాకు ఉత్త పుస్తకం పంపావు.

ఆ సంచి నాది. పంపు. అందులో వాడి చొక్కాలుంటాయి. ఉతికి ఉంటే నిన్ను చంపేస్తాను.

దాన్ని ఎంత ఇష్టంగా చేశానో నీకు తెలుసు, పక్కనే ఉన్నావు. మీరు వెళ్ళే ముందు వాడు సంచి నిండా ఇటుకలు పెట్టుకుని షెడ్డు మెట్లు ఎక్కి దిగాడు. ఛాతీ మీద క్లిప్పు టప్పున ఊడింది. ఆ నెల వచ్చిన క్లిప్పులన్నీ నాసిరకం. "ఇది కొండ మీద ఊడితే నేను ఒకవైపు, సంచి ఒకవైపూనే సూదీ" అన్నాడు. క్లిప్పు పీకి అవతల పారేశాను. రెండు పట్టీలూ ఒకదాని మీద ఒకటి వేసి, నైలాను దారంతో ముందుకీ వెనక్కీ ఆరు వరసలు కొట్టాను. చొక్కాలాగా తలమీంచి తొడుక్కోవడమే. ఏనుగుని కట్టి లాగించినా ఊడదు అన్నాను. నువ్వూ లాగావు. భలే అన్నావు.

యజమాని కూడా భలే అన్నాడులే. మీరు వెళ్ళాక నమూనా అడిగి చేయించుకున్నాడు. క్లిప్పు కొనే పని లేదు, క్లిప్పు ఊడిందని ఫిర్యాదు లేదు. కొత్త లాట్‌లో వెళ్ళే సంచులన్నిటికీ నా పట్టీయే. నన్ను పట్టీల లైనుకి పెద్దని చేశారు, ఎనిమిదిమంది నా కింద కుడుతున్నారు. సెప్టెంబరు ఇరవై ఎనిమిదిన లారీ. మొదటి రోజు కుడుతుంటే కన్నీళ్ళు సూది మీద పడ్డాయి. మా అన్న వేసుకెళ్ళిన సంచి ఇది, ఇలాంటివి వేలమంది వేసుకుని తిరుగుతారు అనుకుంటే కాస్త ఊపిరాడింది. వాడి పేరు మీద నేను చేయగలిగింది ఇదొక్కటే. నువ్వు అది కూడా చేయలేదు.

ఆగస్టు పదిలోగా సంచి రావాలి.


దీవి, ఎనిమిదో ఊరు, పడవలు చెక్కే పాక
జూలై 30

చెల్లెమ్మా,

సంచి నా దగ్గరే ఉంది. అబద్ధం రాశాను.

నీ ఉత్తరం చదివి చాలాసేపు ఎండలో కూర్చున్నానట. పడవలు చెక్కే పెద్దాయన వచ్చి, "ఎవరైనా పోయారా?" అని అడిగాడు. "పోయినవాడే మళ్ళీ పోయాడు" అన్నాను. ఆయన బాడిస కింద పెట్టి నా పక్కన కూర్చున్నాడు.

లాట్ సంగతి నువ్వు రాసి ఉండకపోతే ఈ ఉత్తరం నేను ఎప్పటికీ రాసేవాణ్ణి కాదు. నువ్వు నన్ను తిట్టుకుంటూ బతుకుతావు అనుకున్నాను. తిట్టడానికి మనిషి ఉంటే నీకు కొంచెం నయం. ఆ మనిషిని నేనే అవుదామని ముందుకి నడిచాను. ఇంటికి వస్తే నా మొహం చూసి పట్టేస్తావు. ఇప్పుడు కూర్చో. కూర్చుని చదువు.

ఎండ నడినెత్తిన ఉంది. నీళ్ళు మొలలోతు. వాడు ముందు, నేను వెనక. ఇసక ఒక్కసారిగా కాళ్ళ కింద నించి పోయింది. నేను మునిగి, లేచి, ఛాతీ మీద క్లిప్పు నొక్కాను. నాది పాత సంచి, ఊడిపోయింది. సముద్రం తీసుకుపోయింది నా సంచిని. వాడు నాకు రెండు బారల దూరంలో తేలాడు. నవ్వుతున్నాడు, గొంతులో వినపడింది, ఒట్టు. "సూది కుట్టిందిరా, ఊడదు!" అని అరిచాడు. మొదటిసారి నవ్వుతూనే అన్నాడు. రెండోసారి నవ్వు లేదు.

తలమీంచి తీద్దామని చేతులు పైకెత్తాడు. లోపలికి నీళ్ళు చేరిన సంచి వెనక్కీ కిందికీ లాగుతోంది. పట్టీ పైకి జరిగి గడ్డం కింద బిగిసింది. చేతులు పైకి ఉంటే ఎలా ఈదుతాడు? కిందికి దించితే ఎలా తీస్తాడు? నా కళ్ళజోడు అప్పటికే పోయింది. నాకు కనపడ్డది ఒక మసక, అందులో రెండు చేతులు. వెళ్ళాను చెల్లెమ్మా. పట్టీ పట్టుకున్నాను. తుప్పు పట్టిన నట్లు విప్పిన వేళ్ళు ఇవి. ఆ కుట్టు దగ్గర ఎందుకూ పనికిరాలేదు. తను నన్ను కూడా కిందికి లాగేస్తున్నాడని వాడికి తెలిసిపోయినట్టుంది. నా చెయ్యి విదిలించేశాడు.

పడవావిడ వచ్చి, వల కోసే కత్తితో కోసింది. కుట్టు మీద మూడుసార్లు వేసింది, తెగలేదు. పక్కన పట్టీ కోసింది. నీ ఆరు వరసలూ ఇప్పటికీ అలాగే ఉన్నాయి. ఒక్క పోగు కూడా లేవలేదు.

షెడ్డులో లాగి చూసి భలే అన్నవాణ్ణి నేను. మెకానిక్కుని. ఏదైనా బిగించే ముందు ఎలా విప్పాలో చూసుకోండిరా అని కొత్తవాళ్ళందరికీ చెప్పేవాణ్ణి. ఆ రోజు చూడలేదు. పడవ వద్దన్నదీ నేనే. తప్పు ఎవరిదంటే నాది అని చెప్పు, నిజంగానే చెప్పు.

కోసిన పట్టీకి తాడు ముడేసి సంచి నేనే మోస్తున్నాను. మోయలేక కాదు, దించలేక నడుస్తున్నాను. చొక్కాలు ఉతకలేదు.

ఆ లాట్‌ని లారీ ఎక్కనివ్వకు. కొనేవాళ్ళు ఏరులు దాటేవాళ్ళే.


సంచుల షెడ్డు
ఆగస్టు 9

నీ పిరికితనం తెచ్చి నా సూదికి కట్టావు.

తలమీంచి ఎందుకు రాదు? నేను రోజుకి యాభై సంచులు తొడిగి చూసి తీసి పెడతాను. ఒక్కటి కూడా గడ్డం కింద బిగిసి చావలేదు. నువ్వు ఒడ్డున నిలబడి చూశావు. ఏం చెప్పాలో తెలీక ఈ కథ అల్లావు. రెండు నెలలు కూర్చుని అల్లావు. బాగా వచ్చింది. అచ్చు వేయించుకో.

నీ ఉత్తరం కటింగ్ మాస్టారికి చదివి వినిపించాను. ముప్పై ఏళ్ళు సంచులు కోసిన మనిషి, "వాడి మొహం, అలా ఎలా అవుతుంది" అంటాడనుకున్నాను. కత్తెర బల్ల మీద పెట్టి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ కత్తెర తీసుకుని కోసుకుంటూ కూర్చున్నాడు. ఆయన ఎందుకు ఏమీ అనలేదు? నువ్వు ఆయనకి కూడా ఏమైనా రాశావా?

నాకింక రాయకు.


దీవి, ఎనిమిదో ఊరు
ఆగస్టు 20

చెల్లెమ్మా,

నేను మాస్టారికి ఏమీ రాయలేదు.

ఒడ్డున నిలబడ్డాననే అనుకో. పిరికివాణ్ణే అనుకో. నిన్నగాక మొన్న పుట్టిన కథ అనుకో. నాకేం కాదు. పట్టీ మాత్రం ఆపించు. నన్ను నమ్మి వద్దు, నమ్మకుండానే ఆపించు.

ఇదేదో చూసి తేల్చుకుందామని నువ్వు ఒక్కదానివీ నీళ్ళలో దిగుతావేమో అని భయంగా ఉంది. నువ్వు అలాంటిదానివే. దిగకు.


సంచుల షెడ్డు, గేటు బయట టీకొట్టు బల్ల
ఆగస్టు 31

మా అన్న చచ్చిపోయి తన లాట్‌కి అడ్డం పడ్డాడట. నిన్న యజమాని అన్నమాట ఇది, నా మొహం మీద.

మొదటినించీ రాస్తాను. నీ ఉత్తరం రాకముందే దిగాను. ఒక్కదాన్నీ కాదులే, మాస్టారిని తొట్టి గట్టు మీద కూర్చోబెట్టాను. మన షెడ్డు వెనక కాన్వాసు నానబెట్టే పెద్ద తొట్టి, నాకు మెడదాకా వస్తుంది. మధ్యాహ్నం అందరూ అన్నాలకి వెళ్ళాక కొత్త లాట్‌లో సంచి ఒకటి తీసి, గుడ్డపీలికలు నిండా కుక్కి వేసుకున్నాను. "మీరు చూస్తూ ఉండండి మాస్టారూ, ఇలా తీసి పారేస్తాను, వాడి ఉత్తరం వాడి మొహాన కొడదాం" అన్నాను. "వద్దమ్మా" అన్నాడు. "కత్తెరెందుకు తెచ్చారు మరి?" అన్నాను. కత్తెరని ఒళ్ళోకి తీసుకున్నాడు.

సంచి నానేదాకా ఆగి, కాళ్ళు ముడుచుకుని మునిగాను. చేతులు పైకెత్తాను.

నువ్వు రాసినట్టే అయింది. గడ్డం కింద. నేను ఇంకా పైకి లాగితే అది ఇంకా బిగిసింది. నా కుట్టు నా వేళ్ళకి తగులుతూనే ఉంది, ఆరు వరసలు, గట్టిగా, వరస తప్పకుండా. నా జన్మలో అంత బాగా ఏదీ కుట్టలేదు. కాళ్ళు కింద తగిలే తొట్టి అది, నిలబడితే చాలు, అయినా నిలబడాలని నాకు తోచలేదు. మాస్టారు దూకాడు. అరవై ఏళ్ళ మనిషి. కత్తెర వేసి కోశాడు. పట్టీ కోశాడు, కుట్టు కాదు. గట్టు మీద కూర్చుని ఇద్దరం చాలాసేపు దగ్గాం. "నువ్వు ఆ ఉత్తరం చదివి వినిపించిన రోజే తెలిసింది తల్లీ" అన్నాడు. "నోరు రాలేదు."

మర్నాడు లైనులో అందరికీ చెప్పాను. ఎలా చెప్పాలో తెలీక మిషన్ ఆపి, "నా పట్టీ మా అన్నని చంపింది, మనం కుడుతున్నది అదే" అన్నాను. పక్క మిషన్ అక్క కుట్లు విప్పే చిన్న కత్తి తీసి ముందున్న సంచి విప్పడం మొదలుపెట్టింది. అది చూసి మిగతావాళ్ళు. ఎంత కష్టమో తెలుసా ఆ కుట్టు విప్పడం? వేళ్ళు బొబ్బలెక్కాయి. ఒక్కొక్కళ్ళూ నన్ను తిట్టుకుంటూ విప్పారు. "ఏం కుట్టావే రాక్షసీ" అని ఒకావిడ అని, అంతలోనే నోరు మూసుకుంది. నిన్న యజమాని వచ్చి చూసి గోడౌన్‌కి తాళం వేయించాడు. అందులో మేం విప్పినవి ఒక గోనె కూడా లేవు. విప్పనివి కప్పు దాకా ఉన్నాయి.

నన్ను గదిలోకి పిలిచాడు. తలుపు తెరిచే ఉంది, అందరూ విన్నారు.

"సంచి వేసుకుని నీళ్ళలో ఎవడు దిగమన్నాడు? మీ అన్నకి బుద్ధి లేకపోతే నా లాట్ ఆపాలా?"

"మీరు ఆపొద్దు సార్, క్లిప్పు పెట్టించండి. మేం ఊరికే కుడతాం, జీతం లేకుండా."

"ఏమిటి రుజువు? నువ్వు తొట్టిలో దిగి ఆడిన నాటకమా? ఆ ముసలాడి మాటా? ఎక్కడికో షికారుకెళ్ళి ఎవడో చస్తే అది నా పట్టీ వల్లేనంటే ఎలా? అసలా సంచి ఏది? అది తెచ్చి చూపించు. లారీ రోజు కొనే కంపెనీ మనిషి వస్తాడు, ఆయన బల్ల మీద పెట్టు. ఆయన వద్దంటే నేనూ వద్దంటాను."

"పెడతాను" అన్నాను.

"ఎక్కడుంది?"

"వస్తోంది" అన్నాను. నిన్ను అడగకుండా అన్నాను.

నన్ను పని మాన్పించాడు. అందుకే ఈ ఉత్తరం టీకొట్టు బల్ల మీద రాస్తున్నాను. మాస్టారిని తీయలేదు, ఆయన లేకపోతే కోతలు ఆగిపోతాయి. ఆయన గోడౌన్ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు, ముందుగా ఎత్తేస్తారేమో అని.

ఇప్పుడు నీ సంగతి. మా అన్నని వదిలేసి నడిచావని రాశాను. ఒడ్డున నిలబడ్డావని రాశాను. కథ అల్లావని రాశాను. అవి తప్పు మాటలు, వెనక్కి తీసుకుంటున్నాను. నా ఉత్తరాలు చింపకు. మనిషిని ఎంత మాట అనగలనో నాకు గుర్తుండాలి. కానీ నువ్వు చేసింది కూడా మంచి పని కాదు. నాకు రెండు నెలలు తెలియనివ్వలేదు. ఆ రెండు నెలల్లో నేను పాట పాడుకుంటూ ఆ పట్టీలు కుట్టాను. నన్ను కాపాడావనుకున్నావు. ఎవరెవరినో ముంచబోయావు. ఇది కూడా గుర్తుపెట్టుకో.

నా తప్పు కాదని రాయకు. క్లిప్పులు నాసిరకం అనీ, ఇసక జారిందనీ, పడవ వద్దన్నది నువ్వనీ రాయకు. అవన్నీ నాకు తెలుసు, వాటితో నాకు పని జరగడం లేదు. పొద్దున లేస్తే నా చేతులు నాకు కనపడుతున్నాయి. వాడు ఆఖరిగా నా పేరు పెట్టి అరిచింది మెచ్చుకోవడానికా, నన్ను పిలవడానికా అని రోజూ అడుగుతున్నాను. నీకు తెలీదని నాకు తెలుసు. తెలిసినట్టు రాయకు. ఓదార్చావంటే ఉత్తరం తిప్పి పంపుతాను.

సంచి తీసుకుని రా. పోస్టులో వద్దు, పోస్టులో వస్తే యజమాని గదిలోకే చేరుతుంది, అక్కడినించి ఇంక కనపడదు. నీ వీపు మీద పెట్టుకుని రా. కోసిన చోటు కోసినట్టే ఉండాలి. నీ తాడు కూడా విప్పకు. ఆ పడవావిడని అడిగి, ఏం చూసిందో, ఎక్కడ కోసిందో, ఎన్నిసార్లు కోసిందో ఆవిడ చేతనే చెప్పించి రాయించుకుని, వేలిముద్ర వేయించుకుని రా. వెనక్కి నడవాలి, తెలుసు. ఆ ఏరు మళ్ళీ దాటాలి, అదీ తెలుసు. ఈసారి పడవెక్కు.

కంపెనీ మనిషి ముందు నువ్వు నాకు రాసిందే చెప్పాలి, నవ్వుతూ అన్నాడన్న దగ్గర్నించి చెయ్యి విదిలించిన దాకా. కుట్టింది ఎవరని అడుగుతాడు. నా వైపు చూపించు. తల దించుకోకుండా చూపించు. నేను అక్కడే నిలబడతాను.

ఇరవై ఎనిమిదో తారీఖు పొద్దున తొమ్మిదింటికి లారీ వస్తుంది. ఇరవైకల్లా నీ జవాబు ఈ టీకొట్టు అడ్రసుకి చేరాలి. పొడుగ్గా వద్దు. వస్తున్నావో లేదో, ఒక్క మాట రాయి.